పత్రములో లేని మాట

అమెరికా దేశమున 2023వ సంవత్సరము జనవరి మాసములో ఒక ఆటల కంపెనీకిని, ఆ ఆట నాడువారికిని నడుమ గొప్ప తగవు జరిగినది. ఇరువది రెండు దినములలో కంపెనీ వెనుకకు తగ్గినది. ఆటల తగవునకు పాఠశాలా పత్రికలో నేమి పని యని మా సహోపాధ్యాయులు కొందరు మమ్ము నడిగిరి. ఆ తగవు పాచికలను గూర్చినది కాదు, మాటలను గూర్చినది. ఒక అనుమతిపత్రములో నున్న రెండు మూడు మాటల యర్థమేమి, ఉండవలసిన యొక మాట యెందులకు లేదు అను ప్రశ్నపై వేలమంది జీవనోపాధి వ్రేలాడినది. మాటల యర్థమును విచారించుట భాషోపాధ్యాయుల పని. కావున ఈ విషయమున నోరు విప్పుటకు మాకు కొంత యధికారము కలదని తలంచుచున్నాము.

మొదట ఆ యాట యెట్టిదో చెప్పవలెను. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, రెక్కల సర్పములు అని స్థూలముగ అర్థము చెప్పుకొనవచ్చును. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దరు దీనిని రచించి ప్రకటించిరి. తొలి ముద్రణము వేయి ప్రతులు మాత్రమే. చదరంగమునందువలె ఇందు గడులు, బలగములు ప్రధానములు కావు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. అందొకడు సూత్రధారుడు. మీరు కొండదారిని పోవుచుండగా చీకటి పడినది, ఎదుట పాడువడిన కోట యొకటి కనబడుచున్నది, ఏమి చేయుదురు అని అతడు కథ నెత్తుకొనును. తక్కినవారిలో నొకడు వీరుడు, ఒకతె మాంత్రికురాలు, వేరొకడు దొంగ. ఎవరి పాత్రకు తగినట్లు వారు మాటలాడి, తాము చేయదలచిన పని చెప్పుదురు. అది ఫలించునో లేదో పాచిక తేల్చును. ఇందు ముఖ్యమైన పాచికకు ఇరువది ముఖములుండును. గెలుపు, ఓటమి యను పట్టింపు లేదు. సంవత్సరముల తరబడి ఒకే కథను ఆడువారు కలరు. మన వీథినాటకములలో పాత్రధారి వ్రాతప్రతితో పనిలేక, ఎదుటివాని మాటనుబట్టి తన మాటను పెంచుకొనుచు పోవుట చూచినవారికి ఈ యాట రుచి సులభముగ తెలియును.

ఇట్టి యాటలో కంపెనీ అచ్చువేసి యమ్మునది నియమముల పుస్తకము. కథ మాత్రము ఆడువారిది. ఒకడు కల్పించిన కోట బాగున్నదని పొరుగూరివారు అడిగి తీసికొందురు. వేరొకడు పది క్రొత్త రాక్షసులను సృష్టించి చిన్న పుస్తకముగ కుట్టి అమ్ముకొనును. తొలి కంపెనీయైన టి.ఎస్.ఆర్. ఇట్టివారిని చాల అనుమానముతో చూచినది. దావాలు వేయుటలో దానికి పేరు కూడ వచ్చినది. ఆట నియమములపై ఎవరికిని సంపూర్ణ స్వామ్యము లేదని అమెరికా చట్టము నెరిగినవారు చెప్పుదురు. పద్దులు వ్రాయు పద్ధతిని గూర్చిన యొక వ్యాజ్యెములో పందొమ్మిదవ శతాబ్దములోనే అక్కడి సుప్రీంకోర్టు, పద్ధతిని వివరించిన పుస్తకమునకు కాపీరైటు కలదు గాని పద్ధతికి లేదని తీర్పు చెప్పినది. కాని పద్ధతి యెక్కడ ముగిసినది, దానిని చెప్పిన మాట లెక్కడ మొదలైనవి అను సరిహద్దు తేల్చుకొనవలెనన్న న్యాయవాదులకు రుసుము చెల్లింపవలెను. ఇంట కూర్చుండి పుస్తకము వ్రాసి అమ్ముకొనువానికి అంత శక్తి యెక్కడిది? చట్టము తనవైపున నున్నను భయము తీరదు.

ఈ భయమును తీర్చినది 2000వ సంవత్సరము. అంతకు మూడేండ్ల ముందు, 1997లో, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను కంపెనీ టి.ఎస్.ఆర్.ను కొన్నది. 1999లో ఆ విజర్డ్స్ కంపెనీని హాస్‌బ్రో యను మహాసంస్థ కొన్నది. 2000లో ఆటకు మూడవ కూర్పు వెలువడినప్పుడు, రయన్ డాన్సీ అను నధికారి ప్రోద్బలముతో ఓపెన్ గేమ్ లైసెన్సు అను అనుమతిపత్రమును ప్రకటించిరి. కంప్యూటరు ప్రోగ్రాములను అందరికి స్వేచ్ఛగ పంచిపెట్టు ఉద్యమమునుండి దాని భావము వచ్చినది. ఆట యంత్రాంగమునకు కావలసిన నియమములను ఒకచోట కూర్చి, ఈ పత్రము షరతులకు లోబడి ఎవరైనను వీనిని వాడుకొని స్వంత పుస్తకములు వ్రాసి అమ్ముకొనవచ్చును, రాబడిలో మాకు వాటా నక్కరలేదు అని కంపెనీ పలికినది. ఇది దయాధర్మము కాదు. చిన్నవారు పది కథల పుస్తకములు వ్రాసినచో వానిని ఆడుటకు పెద్ద కంపెనీ నియమపుస్తకము అవసరమగును గదా! ఇరుపక్షములకు లాభమైన బేరము. అట్లనుటలో ఆక్షేపణ లేదు. మంచి బేరము కూడ మాట మీద నిలిచినప్పుడే మంచిది.

ఆ మాటను నమ్మి ఇరువది రెండేండ్లలో ఎందరో బ్రతుకుతెరువు నేర్పరచుకొనిరి. వ్రాయువారు, బొమ్మలు వేయువారు, పటములు గీయువారు, అచ్చొత్తువారు, చిన్న దుకాణదారులు అందరును ఆ పత్రపు నీడను చేరినవారే. 2008లో ఆటకు నాలుగవ కూర్పు తెచ్చినప్పుడు కంపెనీ ఇంతకంటె బిగువైన వేరొక పత్రము తెచ్చినది. చాలమంది దానిని ముట్టలేదు. పైజో అను చిన్న సంస్థ పాత పత్రము నాధారము చేసికొని 2009లో పాత్‌ఫైండర్ అను తన స్వంత ఆటను నిర్మించి పెద్ద పోటీదారైనది. కంపెనీ పాఠము నేర్చుకొన్నట్లు కనబడినది. 2014లో వచ్చిన అయిదవ కూర్పునకు 2016లో మరల ఆ పాత పత్రమునే వర్తింపజేసినది. ఆట మునుపెన్నడు లేనంత ప్రచారమునకు వచ్చినది.

ప్రచారమైనచోట లెక్కలు వచ్చును. 2022లో హాస్‌బ్రో ఆ యాటకు సంబంధించిన డి అండ్ డి బియాండ్ అను ఇంటర్నెట్టు సేవను 14 కోట్ల 63 లక్షల డాలర్లకు కొన్నది. ఆ సంవత్సరము డిసెంబరులో విజర్డ్స్ కంపెనీ అధికారిణి పెట్టుబడిదారులతో మాటలాడుచు, ఈ యాటనుండి రావలసినంత ధనము వచ్చుట లేదని చెప్పిరి. ఆడువారిలో సూత్రధారులు అయిదవవంతు మాత్రమే, ఖర్చులో పెద్దభాగము వారిదే, తక్కిన నాలుగు పాళ్లవారి చేతను కూడ డబ్బు పెట్టింపవలెనని తాత్పర్యము. ఇది వినిననాడే ఆడువారి చెవులు నిక్కినవి.

2023 జనవరి 5వ తేదీన గిజ్మోడో అను వార్తాస్థలమున ఒక విలేఖరి, కంపెనీ సిద్ధము చేసిన క్రొత్త పత్రపు చిత్తుప్రతిలోని షరతులను బయటపెట్టిరి. పాత పత్రమును 1.0ఎ అందురు. క్రొత్తది 1.1. ఏటా 50,000 డాలర్లకు మించి అమ్మినవారు తమ లెక్కలు కంపెనీకి చూపవలెను. 7,50,000 డాలర్లకు మించినచో, ఆ మించిన భాగములో నూటికి 25 వంతున కప్పము కట్టవలెను. కిక్‌స్టార్టర్ అను చందాల సేకరణస్థలము ద్వారా వచ్చినదానికి నూటికి 20. ఇది లాభములో వాటా కాదు, అమ్మకములో వాటా. కాగితము, అచ్చు, కూలి పోగా నూటికి పదియైన మిగులని వ్యాపారములో నూటికి ఇరువదియైదు ఇచ్చుటెట్లో మాకు బోధపడలేదు. ముప్పది దినముల నోటీసుతో షరతులను మార్చుటకు కంపెనీకి హక్కు కలదు. ఇంతటితో నయినదా? పాత 1.0ఎ పత్రము ఇకమీదట అధికృతము కాదు అను వాక్యము కూడ అందున్నది.

ఇక్కడనే మేము కొంతసేపు నిలువదలచినాము.

పాత పత్రములో కంపెనీ తానిచ్చు అనుమతికి పెట్టిన విశేషణములు ఇవి: శాశ్వతము, సర్వదేశవ్యాప్తము, వాటా లేనిది, ఏ యొక్కరికో పరిమితము కానిది. శాశ్వతము అను మాట చూచినవారెల్ల ఇది యెన్నటికిని పోదని నమ్మిరి. మేము చదివినను అట్లే నమ్మియుందుము. కాని న్యాయశాస్త్రములో శాశ్వతము అనగా గడువు లేనిది యని మాత్రమే అర్థము చెప్పువారు కలరు. గడువు లేనంత మాత్రమున ఇచ్చినవాడు మరల తీసికొనరాదని యెక్కడ నున్నది? తిరిగి తీసికొనరానిది అని చెప్పుటకు వేరొక విశేషణము కలదు. అది ఆ పత్రములో లేదు. దానిని వ్రాసినప్పుడు ఎవరికిని తోచలేదు కాబోలు.

మన పూర్వులకు మాత్రము ఇది తోచినది. మేము సరిహద్దున కావలనున్న రాష్ట్రములో పండిత శిక్షణ పొందిన దినములలో దానశాసనముల నకళ్లను కొన్నిటిని చదివితిమి. రాజు అగ్రహారమో, మాన్యమో యిచ్చునప్పుడు ఆచంద్రార్కము అని చెక్కించును. సూర్యచంద్రులున్నంత కాలము అనుట, అనగా శాశ్వతము. ఆ మాటతో శిల్పి ఉలి క్రింద పెట్టడు. చివరను శాపవచనము కలదు. ఇచ్చినవాడు గాని, వాని వంశీయుడు గాని, తరువాత ఆ దేశమేలు వేరొక రాజు గాని దీనిని అపహరించినచో వానికి కలుగు పాపము లిట్టివి యని భయపెట్టుట. కాలమును చెప్పు మాట వేరు, తిరిగి తీసికొనరాదను మాట వేరు అని ఆ శాసనకర్తలకు స్పష్టముగ తెలియును. అంతకంటె ముఖ్యమైన విషయము, ఇచ్చినవాని బుద్ధి మంచిదైనను తరువాతి యేలికను నమ్మరాదని తెలియును. 2000లో ఇచ్చినవారు వేరు, 2023లో లాగికొనజూచినవారు వేరు. శాపమునకు భయపడు యేలికలు ఈ కాలమున లేరనుకొనుడు. అందుకు బదులుగ ఒక్క విశేషణమైనను ఉండవలసినది.

ఇంకొక మాట, అధికృతము. పాత పత్రపు తొమ్మిదవ నిబంధనలో, కంపెనీ సవరించిన ప్రతులను ప్రకటింపవచ్చుననియు, వాడువారు అధికృతమైన యే ప్రతినైనను అనుసరింపవచ్చుననియు కలదు. చిన్నవారికి ఇది వరము. క్రొత్తది నచ్చనిచో పాతదానినే పట్టుకొనవచ్చును. కంపెనీ న్యాయవాదులు దానినే తలక్రిందులు చేసిరి. అధికృతమైన ప్రతి యన్నారు గదా, పాతదానికి మేమిచ్చిన అధికారమును రద్దు చేయుచున్నాము, ఇప్పుడది అధికృతము కాదు అనిరి. మా పదవ తరగతి బాలురకు ఈ భాగమును చెప్పగా ఒకడు లేచి, వండిన అన్నమును వండలేదని యనుటెట్లు అని యడిగెను. వాని ప్రశ్న వ్యాకరణసమ్మతము. భూతకాలమున ముగిసిన క్రియను విశేషణముగ చేసినప్పుడు ఆ క్రియ జరిగియే యుండును. అయినను నియమింపబడిన ఉద్యోగిని తొలగించుట లోకములో లేదా యని ప్రతివాది యనవచ్చును. అదియు వ్యాకరణసమ్మతమే! కావున ఒక్క పదమును పట్టుకొని యిచ్చట తీర్పు చెప్పజాలము. వక్త తాత్పర్యమును చూడవలెను. తాత్పర్యమునకు సాక్ష్యము లేకపోలేదు. తొలి సంవత్సరములలో ఆ కంపెనీయే ప్రకటించిన ప్రశ్నోత్తరములలో, పత్రమును మీకు నచ్చని విధముగ మేము మార్చినను మీరు పాతప్రతినే వాడుకొనవచ్చును అను భావము స్పష్టముగ కలదు. పత్రమునకు కారకుడైన డాన్సీయు, దానిని రద్దు చేయు అధికారము కంపెనీకి లేదనియే 2023లో చెప్పిరి.

మాకు అన్నిటికంటె కటువుగ తోచినది వేరొకటి. ఆ 1.1 చిత్తుప్రతిలో, ఈ పత్రము క్రింద ఎవరేమి వ్రాసినను దానిని కంపెనీ కూడ ఉచితముగ వాడుకొనుటకు హక్కు పొందునని యొక నిబంధన కలదు. ఆ హక్కు ఎట్టిది? శాశ్వతము, సర్వదేశవ్యాప్తము, వాటా లేనిది, మరియు తిరిగి తీసికొనరానిది. ఇచ్చునప్పుడు గుర్తునకు రాని మాట పుచ్చుకొనునప్పుడు చక్కగ గుర్తునకు వచ్చినది. లోకవ్యవహారము నెరుగగోరు విద్యార్థులు ఈ రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినచో, వంద నీతికథలు చదివిన ఫలము కలుగును.

కంపెనీ పక్షమున చెప్పదగినది లేదా యనిన, కలదు. తమ యాట పేరు నడ్డము పెట్టుకొని ద్వేషమును వెదజల్లు పుస్తకములను అరికట్టదలచితిమనియు, క్రొత్తరకపు డిజిటల్ నాణెముల వ్యాపారులను దూరముంచదలచితిమనియు, పెద్ద సంస్థలు తమ కష్టముపై లాభము పొందకుండ చూడదలచితిమనియు వారు చెప్పిరి. మొదటిది మంచి యుద్దేశమే. కాని దొంగ యొకడున్నాడని వీథిలోని యిండ్లన్నిటి తాళపుచెవులు అడుగుట న్యాయము కాదు. ఇక ముందు వ్రాయు క్రొత్త నియమములకు ఏ షరతులైనను పెట్టుకొనుటకు కంపెనీకి హక్కు కలదు. కొనదలచినవారు కొందురు, లేనివారు మానుదురు. గతమున ఇచ్చినదానిని మరల లాగికొనుటకే మా యాక్షేపణ. ఊరిలో నొక దాత బడికి స్థలమిచ్చెననుకొనుడు. గ్రామస్థులు గోడలు లేపి, చెట్లు నాటి, రెండు తరముల పిల్లలను చదివించిన పిమ్మట దాతగారి మనుమడు వచ్చి, మా తాత వ్రాసియిచ్చిన కాగితములో మరల అడుగరాదని లేదు గదా యనిన, ఆ కాగితమును బట్టి వాని మాట నిలిచినను నిలువవచ్చును. ఊరు మాత్రము వానిని మన్నింపదు.

అక్కడి ఊరును మన్నింపలేదు. ఆడువారు, వ్రాయువారు కలసి బహిరంగలేఖ ప్రకటింపగా అరువదివేలకు పైగా సంతకములు చేరినవి. అంతకంటె పదునైన యాయుధము వేరొకటి వారి చేతిలోనే యున్నది. డి అండ్ డి బియాండ్ సేవకు నెలనెల చందా కట్టువారు చందా మానుకొనసాగిరి. ఎందరు మానిరో కంపెనీ చెప్పలేదు. మేమును ఊహింపము. జనవరి 12వ తేదీన చందా రద్దు చేయు పుట తాకిడికి తట్టుకొనలేక తడబడినది. ఆ దినముననే పైజో సంస్థ, ఏ యొక్క కంపెనీ చేతిలోను ఉండని మరియొక స్వేచ్ఛాపత్రమును న్యాయవాదులచేత వ్రాయించెదమని ప్రకటించినది. దానికి ఓ.ఆర్.సి. అని పేరు. కొలది దినములలో 1,500కు పైగా ప్రచురణకర్తలు దానిని బలపరచిరి. ఎనిమిది నెలలకు సరిపోవుననుకొన్న తమ నియమపుస్తకములు రెండు వారములలో అమ్ముడుపోయినవని కూడ పైజో ప్రకటించినది.

జనవరి 13న కంపెనీ తొలి సమాధానము వచ్చినది. వాటా యడుగుట, ఇతరుల రచనలపై హక్కు పొందుట మానుకొందుమనిరి. అంతవరకు బాగుగనే యున్నది. కాని జనులు తాము గెలిచితిమని యనుకొందురు, అది సగమే నిజము, మేమును గెలిచితిమి అని చివరను చమత్కరించిరి. నొచ్చినవానితో చమత్కారమాడుట తగదని కంపెనీలో నెవరికిని తోచకపోవుట ఆశ్చర్యము. నిప్పుపై నెయ్యి పోసినట్లైనది. జనవరి 18న వేరొక అధికారి సూటిగ క్షమాపణ చెప్పిరి. మరునాడు 1.2 అను క్రొత్త చిత్తుప్రతిని ప్రకటించి అభిప్రాయము లడిగిరి. అందు, తిరిగి తీసికొనరానిది అను మాటను ఎట్టకేలకు చేర్చిరి. చేర్చి, దాని యర్థమును ఇరుకు చేసిరి. పత్రములో నే భాగమైనను చెల్లదని కోర్టు చెప్పినచో మొత్తము పత్రమునే రద్దు చేయుటకు కంపెనీకి వీలు కల్పించిరి. కుడిచేత నిచ్చి ఎడమచేత పుచ్చుకొనుట యన నిదియే. పైగా కంప్యూటరు తెరపై ఆట నాడించు సేవలకు విచిత్రమైన షరతు పెట్టిరి. తెరపై బొమ్మలు, పాచికలు ఉండవచ్చునట. మంత్రబాణము విడిచినప్పుడు అది మెరయుచు పోవుట చూపరాదట! పౌరాణిక చలనచిత్రములలో బాణమునకు బాణమెదురై మంటలు క్రక్కుటను చూచి పెరిగిన మాకు ఇది నవ్వు పుట్టించినది.

అభిప్రాయములు పదునైదువేలకు పైగా వచ్చినవి. కంపెనీయే ఆ యంకెలను ప్రకటించినది. 1.2 క్రింద తమ రచనలను ప్రచురింపమని నూటికి 88 మంది, పాత పత్రమును రద్దు చేయుట నచ్చలేదని 89 మంది చెప్పిరి. ఇక సాగదీయుటకు వీలు లేకపోయినది. జనవరి 27న కంపెనీ 1.0ఎ పత్రమును ముట్టబోమని ప్రకటించినది. అంతేకాక, అయిదవ కూర్పు మూలనియమములను నాలుగువందల పుటలకు పైబడిన గ్రంథముగ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు క్రింద లోకమునకు విడిచినది. ఈ లైసెన్సును వ్రాసినది వేరొక సంస్థ. కంపెనీకి దానిలో అక్షరము మార్చు అధికారము లేదు. తిరిగి తీసికొనరానిది అను మాట అందు కలదు. మీరు చదువు తెలుగు వికీపీడియా వ్యాసములును క్రియేటివ్ కామన్స్ కుటుంబములోని లైసెన్సు క్రిందనే వెలువడుచున్నవి. వానిని ఎత్తి వ్రాసికొనుటకు మీకు అనుమతి యెక్కడిదని యెవరైన నడిగినచో ఆ లైసెన్సును చూపవచ్చును. వ్రాసినవారికి ఋణమును తెలుపుట మాత్రము మరువరాదు. అదియు ఆ షరతులలో నొకటి.

ఈ గెలుపును మరీ గొప్ప చేయుట మాకిష్టము లేదు. ఆందోళన చేసినవారందరును సత్యసంధులు కారు. చందా ధరను విపరీతముగ పెంచబోవుచున్నారని యొక వదంతి పుట్టగా, కంపెనీ అది యబద్ధమని చెప్పవలసి వచ్చినది. నిర్ణయములతో సంబంధము లేని చిన్న ఉద్యోగులను దూషించినవారును కలరు. వేడిలో చేయు పనులిట్లే యుండును. అయినను ఆ గుంపు చేసిన యొక మంచిపనిని మేము మెచ్చుకొనక తప్పదు. వారు పత్రమును చదివిరి. సామాన్యులు న్యాయవాదుల భాషను వాక్యము వాక్యముగ విప్పి, ఒకరికొకరు టీక చెప్పుకొనిరి. చిత్తుప్రతి మారినప్పుడెల్ల ఏ మాట పోయినది, ఏ మాట వచ్చినది యని పోల్చిరి. పాతకాలపు పండితులు తాళపత్రప్రతులలో పాఠాంతరములు గుర్తించినట్లు చేసిరి. కేకలు వేయుటకంటె ఈ చదువే కంపెనీని ఎక్కువ భయపెట్టియుండును.

ఇందులో మన భాగమును కొంత కలదు. హాస్‌బ్రో అమ్ము ఆటలలో షూట్స్ అండ్ లాడర్స్ అను పిల్లల యాట యొకటి కలదు. అది మన వైకుంఠపాళి. పాములకు బదులు జారుడుబల్లలు. మన దేశమునుండి ఇంగ్లండునకు, అచ్చటినుండి అమెరికాకు పోయి, 1943లో మిల్టన్ బ్రాడ్లీ అను కంపెనీ చేతిలో ఆ రూపు పొందినది. ఆ కంపెనీని హాస్‌బ్రో 1984లో కొన్నది. వైకుంఠపాళికి అనుమతి నెవరు నడిగిరి? ఎవరు నడుగలేదు, అడుగనక్కరయును లేదు. అది యందరిది. పులిజూదపు గీతలు గుడిమెట్లపై ఎవడో చెక్కిపోయినాడు, వామనగుంటల పీటను ఏ వడ్రంగియో తొలిచినాడు. లోకము ఉచితముగ నిచ్చిన ఆటలపై పెరిగిన సంస్థ, తాను లోకమునకు ఇచ్చిన ఒక్క ఆటను మరల లాగికొనజూచుట మాకు ఈ కారణమున మరింత వెగటుగ తోచినది.

వేరొక భాగము ఇంతకంటె దగ్గరిది. భాషావారీగ రాష్ట్రములేర్పడిన 1956లో మనవంటివారు సరిహద్దున కీవల నిలిచిపోతిమి. ఆ యేటనే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషావర్గముల బాలురకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యములు కల్పించుటను గూర్చినది. మన బడులు ఆ వాక్యపు నీడలోనివే. ఆ వాక్యమును ఎప్పుడైన చదివితిరా? సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని అందు కలదు. కల్పించి తీరవలెనని లేదు. ప్రయత్నము అను నాలుగక్షరముల మాటకును, విధి యను రెండక్షరముల మాటకును గల దూరములో తెలుగు తరగతి యొకటి తెరవబడుటయో, మూతపడుటయో యుండును. అందుచేత అమెరికాలో నెవరో పాచికలాడువారు ఒక విశేషణము కొరకు పోరాడిరనిన మాకు నవ్వు రాలేదు. వారి భయము మాకు పరిచితమైనది.

మా విద్యార్థులలో చేతిలో ఫోను లేనివారు అరుదు. క్రొత్త ఆటనో, బొమ్మలు గీయు సాధనమునో దింపుకొనునప్పుడు పొడవైన షరతుల పత్రము వచ్చును. అందరును అడుగునకు జారి సమ్మతించితిని అను మీట నొక్కుదురు. ఈ యేటినుండి తొమ్మిది, పది తరగతులలో నెలకొక పత్రమును తెచ్చి తెలుగులో దాని తాత్పర్యము వ్రాయించుచున్నాము. మీరు గీసిన బొమ్మ యెవరిది? మీరు మానుకొన్నను అది వారి వద్దనే యుండునా? షరతులు మార్చినచో మీకు ముందుగ చెప్పుదురా? మొదటి నెలలో పుట నిండ వ్రాసినవారు ఇద్దరే. ఇప్పుడు పదునాలుగుగురు. మా పత్రికలో మీరచ్చువేయించు కథ, బొమ్మ మీదియే, మీ పేరుతో నొకసారి ప్రకటించు హక్కు మాత్రమే పత్రికదని ఈ సంచికనుండి వెనుక అట్టపై వేయించుచున్నాము. ఆ వాక్యమును దిద్దినవారు పిల్లలే.

ఆ యాట నేటికిని సాగుచున్నది. ఓ.ఆర్.సి. పత్రము 2023లోనే పూర్తియైనది. 2024లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమపుస్తకములు క్రొత్తగ వెలువడినవి. వాని మూలనియమములను కూడ కంపెనీ 2025లో క్రియేటివ్ కామన్స్ క్రిందనే విడిచినది. కోర్టునకు ఎవరును పోలేదు గనుక, అధికృతమైన పత్రమును అనధికృతము చేయవచ్చునా యను ప్రశ్నకు తీర్పు లేదు. 1.0ఎ పత్రము 2000లో వ్రాసినది వ్రాసినట్లే యున్నది. శాశ్వతము అను మాట యున్నది. దాని ప్రక్కన ఉండవలసిన మాటను ఇంతవరకు ఎవరును చేర్చలేదు.